గైడ్ డాగ్ శిక్షకులకు లైసెన్సు

చూపులేనివారికి దారిచూపే కుక్కను గైడ్ డాగ్ అంటారు. దానికి శిక్షణ ఇచ్చేవారికి ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చే పద్ధతిని అమెరికాలో ఒక్క కాలిఫోర్నియా రాష్ట్రమే నడిపింది. రెండో ప్రపంచ యుద్ధంలో కళ్లు పోగొట్టుకుని తిరిగొచ్చిన సైనికులకు, అరకొర శిక్షణ పొందిన కుక్కలను అంటగట్టేవారు బయల్దేరారు. వారిని అరికట్టడానికి 1948లో ప్రత్యేక బోర్డు ఏర్పడింది. గైడ్ డాగ్‌లను వాడే అంధులకు కూడా అందులో సభ్యత్వం ఉండేది.

లైసెన్సు కావాలంటే మూడేళ్లు అనుభవజ్ఞుడి దగ్గర పని నేర్చుకోవాల్సి ఉండేది. ఆపైన పరీక్ష. చట్టం పెట్టిన షరతుల్లో ఒకటి గట్టిది: అభ్యర్థి కళ్లకు గంతలు కట్టుకుని, వాహనాలు తిరిగే రోడ్డు మీద, కుక్క వెంట నడిచి చూపాల్సి ఉండేది. తను తర్ఫీదిచ్చిన కుక్కను తానే నమ్మలేనివాడికి ఇతరుల ప్రాణం అప్పగించరు కదా! శిక్షణ పాఠశాలలకూ లైసెన్సు తప్పనిసరిగా ఉండేది.

అయితే ఆ రాష్ట్రంలో పాఠశాలలు మూడే ఉండేవి. ఇంత చిన్న రంగానికి ఒక బోర్డు అవసరమా అన్న వాదన బలపడింది. ఇతర రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండానే మంచి పాఠశాలలు నడుస్తున్నాయి మరి. ఫిర్యాదు చేసుకునే చోటు పోతుందన్న అంధుల ఆందోళనా తీసిపారేయదగ్గది కాదు. చివరికి 2018 ఆరంభంతో బోర్డు రద్దయింది. ఇప్పుడు ప్రమాణాల విషయంలో అంతర్జాతీయ గైడ్ డాగ్ సమాఖ్య ఇచ్చే గుర్తింపే ప్రధాన ఆధారం.