లండను చూచిన కన్నులతో న్యూయార్కు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను చూచిన విదేశ నగరములను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. ఉద్యోగరీత్యా లండనులో మూడేండ్లుండి, పిదప న్యూయార్కు చేరినవాడను. చేరిన మొదటి వారమున మనస్సునకు తోచి, నేటికిని చెరగని విషయములనే విన్నవింతును.

లండను వీధులు మన ఊరి డొంకల వంటివి. నడచినవారి కాళ్ళే వానిని తీర్చినవి. 1666లో మహాగ్నిప్రమాదమున నగరములో చాల భాగము దగ్ధమైనప్పుడు తిన్నని వీధులు వేయుదమని కొందరు పటములు గీచిరి గాని, అవి సాగలేదు. పాత వంకరలే చాలవరకు నిలిచినవి. న్యూయార్కులోని మన్‌హట్టన్ దీవి కథ వేరు. పొలములు, గుట్టలుగా నున్న నేలకు 1811లోనే గీటుబద్ద పెట్టి వీధులు నిర్ణయించిరి. అందుచే పెక్కు వీధులకు అంకెలే పేర్లు. 42వ వీధి 41వ దాని ప్రక్కనుండునని పసిబిడ్డయు చెప్పగలడు. అక్కడ మొదటి దినముననే దారి తెలిసినది. లండనులో మూడవ యేట గూడ తప్పితిని.

భూగర్భ రైలుబండి ప్రపంచమున మొదట నడచినది 1863లో, లండనులో. అందు ప్రయాణికులు పత్రికలో తల దాచుకొని మౌనము వహింతురు. 1904లో మొదలైన న్యూయార్కు బండి రాత్రింబవళ్ళు నడచును. అందు పాటగాండ్రు, బిచ్చగాండ్రు, వాదులాడువారు అందరును కలరు. 1931లో కట్టిన 102 అంతస్తుల ఎంపైర్ స్టేట్ సౌధము క్రింద నిలిచి తల యెత్తితిని. అంత జనములో నన్నెరిగినవాడొక్కడును లేడని అప్పుడే తోచినది. సంతలో తప్పిపోయిన బిడ్డవలె నైతిని.

ఆ శనివారము చలికి తాళలేక, 42వ వీధి మూలనున్న గొప్ప భవనము మెట్లెక్కితిని. వాకిట రెండు రాతి సింహములున్నవి. వాని పేర్లు ఓర్పు, ధైర్యము. 1930 తరువాతి ఆర్థిక సంక్షోభ కాలమున నగరాధ్యక్షుడు లగార్డియా పెట్టిన పేర్లవి. అది 1911లో తెరచిన ప్రజాగ్రంథాలయము. సుమారు 300 అడుగుల పొడవుగల పఠనమందిరమున కూర్చుంటిని. ఒక ప్రక్క చిరిగిన కోటు తొడిగిన వృద్ధుడు, మరియొక ప్రక్క విద్యార్థిని. ద్వారమున సంచి చూచిరే గాని, నీవెవడవని గాని, చందా కట్టితివా యని గాని ఎవరును అడుగలేదు. లండనులోని బ్రిటిష్ లైబ్రరీ పఠనమందిరములకు ముందుగా ప్రవేశపత్రము పొందవలెను. అచ్చటి పేటల గ్రంథాలయములు మాత్రము అందరివి. ఆ సాయంకాలముతో న్యూయార్కు నాకు పరాయి ఊరు కాకపోయినది.

1901లో కార్నెగీ అను ధనికుడు ఆ నగరమున శాఖా గ్రంథాలయముల నిర్మాణమునకు 52 లక్షల డాలర్లిచ్చెను. స్థలమును, నిర్వహణ వ్యయమును నగరమే భరింపవలెనని నియమము. ఆ సంవత్సరముననే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 2021లో న్యూయార్కు గ్రంథాలయము ఆలస్య రుసుమునే రద్దు చేసినది. రుసుము కట్టలేని పేదలే పుస్తకమునకు దూరమగుచున్నారని గ్రహించుటయే కారణము.

ఇక మన మాట. చందాదారులు కానివారిని లోపల కూర్చుండనీయరాదను ప్రతిపాదన యొకటి కార్యవర్గము ముందున్నదని విన్నాను. మిరపకాయ కోతలకు పొరుగు జిల్లాలనుండి వచ్చు కూలీల పిల్లలు సాయంకాలము ఇచ్చట చేరి బొమ్మల పుస్తకములు చూచుట నేను కన్నులార చూచితిని. పుటలు నలుగుచున్నవనుట నిజమే. నలిగిన పుటను అతికింపవచ్చును. వాకిటనుండి మరలిపోయిన బిడ్డ మరల రాడు. పుస్తకము ఇంటికి కొనిపోవుటకు చందా నియమముండనిండు. కూర్చుండి చదువుటకు మాత్రము నియమము వలదని సభవారిని ప్రార్థించుచున్నాను. ఒకనాడు పరాయి ఊరిలో నేనును ఆ బిడ్డలవంటివాడనే.