తెల్లని స్నానశాల – ఉప్పుగాలి
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘపు సభలో స్నానాల గదిని గూర్చి ప్రసంగమేమని కొందరు నవ్వుకొనవచ్చును. కార్యదర్శిగారు నన్ను ప్రబంధ సాహిత్యమును గూర్చి యేదైన చెప్పుమని కోరిరి. కాని గడచిన యేడాది మనలో పదవీ విరమణకు సిద్ధమగుచున్న పలువురు నన్ను అడిగినది ప్రబంధములను గూర్చి కాదు. స్వస్థలమున కట్టుకొనుచున్న ఇంటిలో స్నానాల గదికి ఏ పలకలు వేయింపవలెను, ఏ కుళాయిలు కొనవలెను అని అడిగిరి. కనుక ఈ విషయమునే ఎన్నుకొంటిని.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడినది. ఆ కంపెనీ ఈ ఖరగ్‌పూరులో వర్కుషాపు నెలకొల్పిన నాటినుండి గంజాం, విశాఖపట్టణ మండలములనుండి మనవారు వచ్చి ఇచట స్థిరపడిరి. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడిన పిమ్మటను ఆ రాక ఆగలేదు. తరములు గడచినను పదవీ విరమణ నాటికి మనసు ఇచ్ఛాపురమువైపు, పలాసవైపు, భీమునిపట్టణమువైపు లాగుచునే యుండును. ప్రావిడెంటు ఫండు సొమ్ముతో సముద్రము దాపున ఒక చిన్న ఇల్లు! ఇచటి ఎఱ్ఱమొరము నేలపై బ్రదికినవారికి సముద్రము కంటికి కనబడదు, దాని చెమట మాత్రము ఒంటికి తెలియును. సముద్రపు ఉప్పు ఇనుమును ఏమి చేయునో అచటికి పోయిన పిదపనే తెలియును.

ముందుగా నా కథ చెప్పవలెను. భీమునిపట్టణమునకు ఉత్తరముగా, అలల చప్పుడు వినవచ్చు దూరమున మాకు పిత్రార్జితమైన స్థలమున్నది. పదునైదేండ్ల క్రిందట అచట ఇల్లు కట్టించితిని. నేను ఇచటనే యుండి పని అంతయు ఒక కంట్రాక్టరునకు ఒప్పగించితిని. స్నానాల గది మాత్రము అడుగునుండి కప్పువరకు పాలవలె తెల్లగా నుండవలెనని కోరితిని. మా అమ్మ జీవితమంతయు నూతిగట్టున, తాటాకు దడి చాటున స్నానము చేసినది. గాబులో నీళ్ళు, మసిబారిన కాగు, కాలిక్రింద పాకుడు. ఆమెకు ఒక తెల్లని గది ఇయ్యవలెనని నా ముచ్చట.

గది తెల్లగానే వచ్చినది. గృహప్రవేశమునకు వచ్చినవారందరు తలుపు తీసి చూచి మెచ్చుకొనిరి. రెండవ వర్షాకాలమునకు కుళాయిలపై పొక్కులు లేచినవి. మూడవ యేట కప్పునుండి పెచ్చు ఊడి ఇనుప చువ్వ బయటపడినది. ఆ యేడే మా అమ్మ నునుపైన తెల్లపలకపై సబ్బునీటిలో జారిపడగా తుంటియెముక విరిగినది. నూతిగట్టు పాకుడుమీద డెబ్బదియేండ్లు పడని మనిషి నేను వేయించిన తెల్లపలకమీద పడినది. తరువాత నడిచినది గాని చేతికఱ్ఱ లేకుండ ఎన్నడును నడువలేదు.

కంట్రాక్టరును నేను నిందింపను. నేను అతనికి చెప్పినది రంగు మాత్రమే. ఉద్యోగమంతయు లోహములతో గడపినవాడను. వర్కుషాపులో ఒక బోల్టు ఏ లోహమో తెలియక బిగింపనివాడను, నా యింటి కుళాయి ఏ లోహమని అడుగనైతిని. ఆ గదిని మరల మొదటినుండి కట్టించునపుడు నేర్చుకొన్నవే ఇపుడు మనవి చేయుచున్నాను.

తెలుపు అనునది ఎక్కడనుండి వచ్చును? ఇచటనుండి మనము ఊరికి పోవునపుడు బరంపురమునకు ముందు ఛత్రపురము స్టేషను వచ్చును గదా. ఆ తీరమున నల్లనియిసుక గలదు. అచటి ప్రభుత్వ కర్మాగారమువారు ఆ యిసుకనుండి ఇల్మనైటు, రూటైలు, జిర్కాను మొదలగు ఖనిజములను వేరుచేయుదురు. తెల్లపలకలపై, తెల్లని పింగాణీపై కనబడు తెలుపునకు నేడు ముఖ్యాధారము ఆ జిర్కానే. దానిని మెత్తని పొడిచేసి గాజుపూతలో కలిపి కాల్చినచో, అందలి సూక్ష్మ స్ఫటికములు వెలుతురును అన్ని దిక్కులకు చెదరగొట్టి పూతను తెల్లగా కనబరచును. పూర్వము ఇందులకు తగరపు భస్మమును వాడెడివారు, అది మిక్కిలి ఖరీదు. తెల్లరంగులకు మూలమైన టైటానియము సైతము ఇల్మనైటు, రూటైలులనుండియే లభించును. ఏ సముద్రపు గాలి మన తెల్లగదిని పాడుచేయునో, ఆ సముద్రపు ఒడ్డుననే దాని తెలుపును పుట్టుచున్నదన్నమాట.

మన పూర్వులు తెలుపునకై వేరొక దారి పట్టిరి. తీరప్రాంతమున నత్తగుల్లలను కాల్చి గుల్లసున్నము చేసి, మెత్తగా నూరి, పొరలు పొరలుగా పూసి, నున్నని రాతితో రుద్ది అద్దమువలె మెఱయించెడివారు. బెల్లపు నీరు, కరక్కాయ కషాయము, కోడిగ్రుడ్డు తెల్లసొన అందు కలుపుట కలదు. మద్రాసు చునామని దొరలు మెచ్చుకొన్నది దీనినే. సున్నము క్షారము గనుక తొలినాళ్ళలో దానిపై బూజు సులభముగా పట్టదు. అది క్రమముగా గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారును. ఆ పనితనము తెలిసిన మేస్త్రి దొరికినచో నేటికిని నీరు నేరుగా పడని పైభాగపు గోడలకు దానినే చేయింపుమందును. దొరకుట మాత్రము కష్టము.

ఇక పలకల సంగతి. దుకాణమున మెఱసిన పలకలన్నియు ఒక్కటి కావు. గోడలకు వాడు సామాన్యపు పలక వెనుకభాగము గుల్లగా నుండి, తన బరువులో నూటికి పదిపాళ్ళకు పైగా నీటిని పీల్చుకొనును. విట్రిఫైడు పలక అరపాలుకు మించి పీల్చదు. ఉప్పుచెమ్మ గల చోట ఈ తేడాయే ప్రాణము. పీల్చిన చెమ్మచే గుల్లపలక ఉబ్బి, ఏండ్లు గడచునప్పటికి పైపూత సాలెగూడువలె చిట్లును. మఱి విట్రిఫైడు పలకకు ఒక దోషము గలదు. నీరు పీల్చనిది సిమెంటు పాలును పీల్చదు, కనుక ఒట్టి సిమెంటుతో అంటదు. దానికై చేసిన జిగురునే వాడవలెను. అతికిన పిదప వ్రేలి మెటికతో తట్టి చూడుడు. డొల్లశబ్దము వచ్చినచోట తీసి మరల వేయింపుడు. మేస్త్రి గొణుగును, గొణుగనిండు.

పలకల నడుమ సందు లేకుండ వేసినచో అందమని మనవారనుకొందురు. అది పొరపాటు. రెండు మూడు మిల్లిమీటర్ల సందు ఉండవలెను. దానిని తెల్లసిమెంటుతో నింపినచో ఆరునెలలకే నల్లబడును. ఎపాక్సీతో, అదియును లేత బూడిదరంగుతో నింపినచో చాలకాలము శుభ్రముగా నుండును.

నేలపలక విషయమున నేను కొంచెము ఎక్కువసేపు నిలిచెదను, క్షమింపుడు. జర్మనులు డిన్ 51097 అను ప్రమాణమున ఒక పరీక్ష ఏర్పరచిరి. పలకలు పరచిన వాలుబల్లపై సబ్బునీరు పారించుచు, మనిషిని వట్టిపాదములతో నిలిపి, బల్లను క్రమముగా ఎత్తుదురు. 12 డిగ్రీల వాలువరకు జారనిది ఎ తరగతి, 18 వరకు జారనిది బి, 24 వరకు జారనిది సి. స్నానము చేయుచోట బి తరగతికి తక్కువైనది వేయరాదు. బట్టలు మార్చుకొను పొడిచోటికి ఎ చాలును. దుకాణదారు ఈ అక్షరములు ఎరుగనిచో పెట్టెపై వెదకుడు, పెట్టెపైనను లేనిచో వేరొక దుకాణమునకు పొండు. నాలుగంగుళముల చిన్నపలకలైనచో సందులు ఎక్కువై పాదమునకు పట్టు దొరకును. తూమువైపు గజమునకు అరంగుళము వాలు చాలును. గోడకు పట్టుకొనుటకు ఒక గట్టి కడ్డీ బిగింపుడు. ముసలితనమునకు గుర్తని దానిని పెట్టించుకొనుటకు సిగ్గుపడువారిని చూచితిని. నేనును వారిలో ఒకడనే.

లోహముల మాట. సముద్రపు గాలిలోని ఉప్పునందు క్లోరైడు ఉండును. అది స్టెయిన్‌లెస్ స్టీలును కాపాడు పలుచని పొరను చిల్లులు పొడుచును. 304 అను రకమున నూటికి సుమారు 18 పాళ్ళు క్రోమియము, 8 పాళ్ళు నికెలు ఉండును. ఊరి నడుమ అది చాలును. అలలు వినబడుచోట మాలిబ్డినము రెండు మూడు పాళ్ళు కలిసిన 316 రకమే కొనవలెను. చవుకగా వచ్చు 200 వరుస స్టీలు త్వరలో తుప్పుపట్టును. అయస్కాంతము అంటకున్న మంచిదని దుకాణదారులు చెప్పుదురు. ఆ పరీక్ష చెల్లదు. 200 వరుసకును 304కును గూడ అయస్కాంతము సరిగా అంటదు. కుళాయిలలో ఇత్తడిపై నికెలు, క్రోమియము పూత వేసినది ఉత్తమము. జింకుమిశ్రమమును పోతపోసి మెఱుగు పెట్టినది నా గదిలో పొక్కులు లేచినదానివంటిది. చేతబట్టి బరువు చూడుడు. ఇత్తడి బరువు అబద్ధమాడదు. ఏ లోహమైనను వారమున కొకసారి మంచినీటితో కడిగి పొడిగుడ్డతో తుడిచినచో దాని ఆయువు పెరుగును.

కప్పు పెచ్చు ఊడుటకును కారణమిదియే. క్లోరైడు కాంక్రీటులోనికి చొరబడి చువ్వను తుప్పుపట్టించును. తుప్పు ఇనుముకంటె రెండింతలకు మించిన చోటును ఆక్రమించును గనుక కాంక్రీటు పగులును. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456 యొక్క 2000 నాటి ప్రతి తీరప్రాంతమును తీవ్రస్థితిగా ఎంచి, ఎం 30 కాంక్రీటును, చువ్వలపై 45 మిల్లిమీటర్ల కప్పును విధించుచున్నది. నా ఇంట ఆ కప్పు అంగుళమైనను లేదు. సముద్రపు ఇసుకను, ఉప్పుబావి నీటిని కాంక్రీటులో కలుపనీయకుడు. పలకలు వేయకమునుపు నేలపై నీటిని రెండు దినములు నిలిపి, క్రిందిభాగమున చెమ్మ దిగుచున్నదేమో చూడుడు.

తెల్లగదికి మఱియొక శత్రువు నీరే. నీటిలో ఇనుము లీటరునకు 0.3 మిల్లిగ్రాములు దాటినచో తెల్లని పింగాణీపై ఎఱ్ఱని చార పడును. దానిని వదల్చుటకు బ్లీచింగు పొడి చల్లుట అలవాటు. ఆ పొడి ఇనుమును మరింత తుప్పుగా మార్చి మరకను స్థిరపరచును. తుప్పు మరకకు పలుచని ఆక్సాలిక్ ఆమ్లము పనిచేయును. అది విషము గనుక చేతితొడుగు వేసికొని, పిల్లలకు అందకుండ దాచవలెను. ఒక మాట మాత్రము ఇంటిలోని స్త్రీలకు, పనివారికి తప్పక చెప్పుడు: బ్లీచింగు పొడిని, యాసిడును ఎన్నడును కలుపరాదు. కలిపినచో క్లోరిను వాయువు పుట్టును. తలుపు మూసిన చిన్నగదిలో అది ప్రాణాంతకము. పాలరాయి వేయించినవారు యాసిడును, నిమ్మరసమును, చింతపండును గూడ దానికి దూరముగా నుంచవలెను.

ఎండను గూర్చి కొంచెము. స్నానాల గదిని ఇంటికి పడమటివైపు పెట్టుట మంచిది. సాయంకాలపు ఎండను అది భరించి పడకగదిని కాపాడును. ఎదురెదురు గోడలలో ఒకటి క్రిందుగా, ఒకటి మీదుగా గాలిసందులు ఉన్నచో తడి ఆరును. తడి ఆరని తెలుపు నల్లబూజుగా మారుటకు ఒక్క వర్షాకాలము చాలును. కప్పుమీది నీళ్ళతొట్టికి నీడ కల్పించుటయే గాక దానిని గట్టిగా కట్టవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు ప్లాస్టికు తొట్లు గాలికి దొర్లిన సంగతి అచటివారు మరువలేదు. గీజరు ఉన్నచో 30 మిల్లియాంపియర్ల వద్ద విద్యుత్తును తెగగొట్టు సాధనమును తప్పక పెట్టింపుడు.

ఇంతవరకు మన్నిక, అందము మాట చెప్పలేదని మా ఇంటివారు కంటితో సైగ చేయుచున్నారు. తెలుపులు పలువిధములు. శంఖపు తెలుపు వేరు, మజ్జిగ తెలుపు వేరు, గంజి తెలుపు వేరు. పింగాణీ ఒక తెలుపును, పలక వేరొక తెలుపును, గోడరంగు మూడవ తెలుపును అయినచో మూడింటిలో రెండు మాసినట్లు కనబడును. కనుక మూడింటి నమూనాలను ఆ గదిలోనే, పగటి వెలుతురునను రాత్రి దీపముక్రిందను ప్రక్కప్రక్కన పెట్టి చూచి కొనుడు. 1900లో ప్రారంభమైన పారిస్ భూగర్భ రైల్వేవారు నాటి మందమైన దీపకాంతిని పెంచుటకే స్టేషనులను తెల్లపలకలతో కప్పిరి. మన తీరమున ఎండకు కొదువ లేదు. కావున కన్ను చెదరని మజ్జిగ తెలుపు నాకు నచ్చినది. రంగుల పువ్వుల పలకలతో పనిలేదు. తెల్లగోడముందు తోమిన రాగికాగు ఒకటి, టేకుపీట ఒకటి ఉన్నచో కన్నునకు కావలసిన రంగు అంతయు అందే యున్నది.

మా అమ్మ క్రొత్త గదిలో అయిదేండ్లు స్నానము చేసినది. ఆ కాగు ఆమెదే.

ఈ బల్లపై రెండు పలకలు తెచ్చి పెట్టితిని. ఒకటి పాతగదిలో ఊడదీసినది, రెండవది ఇప్పుడున్నది. చూపునకు రెండును ఒక్కటే తెలుపు. ప్రక్కన చెంబులో నీళ్ళు, సబ్బు గలవు. సభ ముగిసిన పిదప వచ్చి తడిచేతితో రెండింటిని రుద్ది చూడుడు. దుకాణమునకు పోవునపుడు గూడ జేబులో చిన్న సబ్బుబిళ్ళ వేసికొని పొండు. దుకాణదారు ఏమనుకొన్నను ఫరవాలేదు.