అతిథి గదిలో ఏం పెడదాం?

(అరకు లోయలో ఒక మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



మీ సంఘంలో ఐదుగురు తమ ఇంట్లో ఒక గదిని యాత్రికులకు అద్దెకు ఇవ్వాలనుకుంటున్నారు. చాలా సంతోషం. నేనూ మీలాంటి దాన్నే. నాలుగేళ్లుగా మా ఇంట్లో ఒక గది అద్దెకు ఇస్తున్నాను. గదిలో ఏమేం పెట్టాలో చెప్పమని మీ లీడరు నన్ను పిలిచింది. నాకు తెలిసింది చెబుతాను. నేను చేసిన తప్పు కూడా చెబుతాను.

మన అరకుకు జనం ఎప్పుడు ఎక్కువ వస్తారు? మీకే బాగా తెలుసు. వానలు తగ్గి, వలిసె పూలు పసుపుపచ్చగా పూసే కాలంలో వస్తారు. నవంబరు నుంచి జనవరి దాకా రద్దీ. విశాఖపట్నం నుంచి రైల్లో సొరంగాలు దాటుకుంటూ వస్తారు. బొర్రా గుహలు చూస్తారు. కాఫీ తోటలు చూస్తారు. పగలంతా తిరుగుతారు. చీకటి పడగానే చలి మొదలవుతుంది. అప్పుడు వాళ్లకు కావలసింది ఒక్కటే. హాయిగా నిద్రపోవాలి. మన గది పని అదే.

ఈ మాట నాకు మొదట్లో తెలియలేదు. సంఘం నుంచి 30 వేల రూపాయలు అప్పు తీసుకున్నాను. "టీవీ లేని గదికి ఎవరొస్తారే?" అన్నాడు మా ఇంటాయన. నిజమే కదా అనుకున్నాను. 14 వేలు పెట్టి టీవీ కొన్నాం. గోడలకు రంగు వేయించాం. ప్లాస్టిక్ పూలు పెట్టాం. మిగిలిన డబ్బుతో మంచం, పరుపు, రెండు రగ్గులు కొన్నాం.

డిసెంబరు నెలలో మొదటి అతిథులు వచ్చారు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఒక ముసలమ్మ. రెండు రోజులుంటామన్నారు. రాత్రి పదింటికి తలుపు తట్టారు. "అమ్మా, చలికి పిల్లలు పడుకోవడం లేదు. ఇంకో రగ్గు ఉందా?" అని అడిగారు.

నా దగ్గర ఇంకో రగ్గు లేదు. ఏం చెయ్యను? మా అత్త కప్పుకున్నది, మా పిల్లలు కప్పుకున్నది తీసి ఇచ్చేశాను. మేమంతా తెల్లారేదాకా పొయ్యి దగ్గర కూర్చున్నాం. ఆ రాత్రి టీవీ ఎవరూ పెట్టలేదు.

పొద్దున్నే ముసలమ్మ నన్ను పిలిచింది. "మరి మీరేం కప్పుకున్నారమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆమెకు అర్థమైపోయింది. ఆ రోజే వాళ్లు గది ఖాళీ చేసి వెళ్లారు. టీవీ అప్పు మాత్రం ఏడాదిన్నర కట్టాను.

అందుకే చెబుతున్నాను అక్కల్లారా! ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందు ఒక పని చెయ్యండి. చలికాలంలో ఒక రాత్రి ఆ గదిలో మీరే పడుకోండి. మీరే అతిథి అనుకోండి. దీపం ఆర్పండి. మంచం మీదనుంచి చెయ్యి చాపితే స్విచ్చి అందుతుందా? కిటికీ సందులోంచి గాలి కొడుతోందా? తలుపు గడియ గట్టిగా పడుతోందా? అర్ధరాత్రి లేస్తే మరుగుదొడ్డికి దారి కనిపిస్తోందా? ఎన్ని రగ్గులు కప్పుకుంటే నిద్ర పట్టింది? ఇవన్నీ ఆ ఒక్క రాత్రిలో తెలిసిపోతాయి.

తెల్లారాక కాగితం, పెన్ను తీసుకోండి. మనకిప్పుడు చదువు వచ్చింది కదా! కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో "తప్పక కావాలి" అని రాయండి. రెండో గడిలో "ఉంటే మంచిది" అని రాయండి. మూడో గడిలో "ఇప్పుడు వద్దు" అని రాయండి.

తప్పక కావలసినవి ఏమిటి?

ఒకటి, తలుపుకు లోపల గట్టి గడియ. కిటికీకి మందమైన తెర. ఆడవాళ్లు వస్తే ముందు చూసేది గడియనే. మనమైనా అంతే కదా! బయట వేసుకోవడానికి తాళం, రెండు చెవులు ఉండాలి.

రెండు, శుభ్రమైన పక్క. పరుపు ఖరీదైనది కాకపోయినా ఫరవాలేదు. దూది పరుపు చాలు. కానీ గుంటలు పడకూడదు. ఎండ కాసినప్పుడల్లా ఎండలో వెయ్యాలి. ఒక్కో మంచానికి పక్క దుప్పట్లు, దిండు గలీబులు మూడు జతలు కావాలి. ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. మన దగ్గర వానాకాలంలో బట్టలు ఆరవు. కుదిరితే నాలుగో జత కూడా పెట్టుకోండి.

దుప్పట్లు తెల్లవి కొనాలా, రంగువి కొనాలా? రంగు దుప్పటి మీద మరక కనిపించదు అంటారు. కనిపించకపోతే మరక పోయినట్టా? నేను తెల్లవే కొంటాను. తెల్లటి దుప్పటి చూస్తే వచ్చినవాళ్లకు నమ్మకం కలుగుతుంది. వేడినీళ్లలో ఉడకేసినా రంగు పోతుందన్న భయం లేదు.

మూడు, రగ్గులు. మనిషికి రెండు చొప్పున ఉంచండి. రగ్గును ప్రతిసారీ ఉతకలేం. అందుకని రగ్గు కింద ఒక పలచటి దుప్పటి వెయ్యండి. మనిషి మారగానే ఆ దుప్పటి మార్చండి. ఇంకో మాట. మన ఇంట్లోవాళ్ల రగ్గులు వేరుగా ఉండాలి. వాటిని అద్దె గదికి ఇవ్వొద్దు. మన పిల్లలు చలికి వణికితే ఆ సంపాదన ఎందుకు?

నాలుగు, దోమతెర. మన ఏజెన్సీలో మలేరియా ఉంది. మలేరియా దోమ రాత్రి పూట కుడుతుంది. తెర చిరిగితే వెంటనే కుట్టండి. అంచులు పరుపు కిందికి దోపండి.

ఐదు, వెలుగు. మంచం పక్కన ఒక దీపం, ఫోను చార్జింగు పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు ఉండాలి. కరెంటు పోతే వాడుకోవడానికి ఒక టార్చిలైటు ఉంచండి.

ఆరు, కాచి చల్లార్చిన నీళ్లు. మూత ఉన్న బిందెలో, గ్లాసుతో సహా పెట్టండి.

ఇక ఉంటే మంచివి. బట్టలు తగిలించుకోవడానికి కొక్కేలు. ఒక అద్దం. ఒక కుర్చీ, చిన్న బల్ల. కాళ్లు తుడుచుకునే పట్టా. వేడినీళ్ల ఫ్లాస్కు, మన కాఫీ పొడి. ఇవి ఒక్కొక్కటే వచ్చిన అద్దె డబ్బుతో కొనండి. అప్పుతో కొనొద్దు.

ఇప్పుడు వద్దనేవి కూడా చెబుతాను. ఏసీ వద్దు. మన అరకు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. ఎండాకాలానికి ఫ్యాను చాలు. గీజరు కూడా మొదట్లోనే అక్కర్లేదు. 2,000 వాట్ల గీజరు గంట సేపు నడిస్తే 2 యూనిట్ల కరెంటు ఖర్చవుతుంది. పొయ్యి మీద కాగులో నీళ్లు కాచి బకెట్లతో ఇవ్వండి. టీవీ సంగతి చెప్పాను కదా! ఫోనులోనే అన్నీ చూసుకుంటున్నారు.

ఒక్కటి మాత్రం ఎప్పటికీ వద్దు. అది బొగ్గుల కుంపటి. చలిగా ఉంది, గదిలో కుంపటి పెట్టమ్మా అని అతిథులు అడుగుతారు. జాలిపడి పెట్టొద్దు. తలుపులు మూసిన గదిలో నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కావాలంటే వాకిట్లో మంట వెయ్యండి. అందరూ చుట్టూ కూర్చుని చలి కాగుతారు. పడుకునే ముందు నీళ్లు పోసి ఆర్పేయండి.

గది సిద్ధమయ్యాక సామాను జాబితా రాయండి. రగ్గులు నాలుగు, తువ్వాళ్లు రెండు, టార్చి ఒకటి అని రాసి తలుపు వెనక అంటించండి. వచ్చినప్పుడు చూపించండి. వెళ్లేటప్పుడు సరిచూడండి. అప్పుడు మనం వాళ్లను అనుమానించక్కర్లేదు. వాళ్లు మనల్ని మాట అనక్కర్లేదు. ఒక రిజిస్టరు కూడా పెట్టండి. గుర్తింపు కార్డు చూసి పేరు, ఊరు, ఫోను నంబరు రాసుకోండి. విదేశీయులు వస్తే 24 గంటల్లోగా వాళ్ల వివరాలు ప్రభుత్వానికి పంపాలి. ఎలా పంపాలో పోలీసు స్టేషనులో ముందే అడిగి తెలుసుకోండి.

ఇప్పుడు మా గదిలో టీవీ లేదు. అమ్మేశాను. కొన్న ధరలో సగం కూడా రాలేదు. ఆ డబ్బుతో ఆరు రగ్గులు కొన్నాను. నాలుగు గదికి, రెండు మా అత్తకూ పిల్లలకూ. పోయిన చలికాలంలో ఒకామె పొద్దున్నే లేచి వచ్చి, "చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయానమ్మా" అంది. మళ్లీ తన చెల్లెల్ని పంపింది.

గది చిన్నదైనా సరే, అతిథికి నిద్ర పట్టాలి. మనకూ నిద్ర పట్టాలి. అప్పు భయం లేకుండా నిద్ర పట్టాలి. ఈ రెండూ చూసుకుని ఖర్చు పెట్టండి. మీ ఐదుగురి గదులూ నిండాలని కోరుకుంటున్నాను. సెలవు.

ఆలోచించండి – రాయండి

1. మీ ఇంటికి చుట్టాలు వస్తే పడుకోవడానికి ఏమేం ఇస్తారు?
2. మూసిన గదిలో కుంపటి ఎందుకు పెట్టకూడదు?
3. మీ దగ్గర 10 వేల రూపాయలే ఉంటే గదికి ముందు ఏం కొంటారు? మూడు గళ్లు గీసి రాయండి.