పాత వ్యానుకు పైన క్యారియర్

మారుతి ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ పాతవే. సోమేనహళ్ళి చుట్టుపక్కల పట్టుపురుగులు మేపేవారు, టమాటా పండించేవారు అలాంటి బండి కొంటే, వెంటనే పైన క్యారియర్ బిగించాలనుకుంటారు. అంతకుముందు ఒక్కమాట వినండి.

క్యారియర్ బలం దాని కడ్డీల్లో లేదు, అది పట్టుకునే అంచులో ఉంది. కప్పుకు రెండు పక్కలా వాననీరు జారే సన్నని గాడి ఉంటుంది. క్లాంపులు బిగించేది దానికే, పాతబండికి తుప్పు పట్టేదీ అక్కడే. స్క్రూడ్రైవరుతో గాడి పొడవునా పొడిచి చూడండి. రేకు మెత్తగా దిగితే ముందు దాన్ని బాగు చేయించండి. క్లాంపు కింద రబ్బరు ముక్క పెట్టించండి. కప్పుకు మాత్రం రంధ్రాలు వేయనివ్వకండి. నీళ్ళు దిగి రేకును తినేస్తాయి.

ఇక బరువు సంగతి. 15 కిలోల టమాటా బాక్సులు పది పైకెక్కిస్తే 150 కిలోలు. అంత బరువు పైనుంటే మలుపులో బండి ఒరుగుతుంది. అందుకే నిండు బాక్సులు లోపల పెట్టండి. ఖాళీ బాక్సులు, చంద్రికలు పైన వేసి తాళ్ళతో అడ్డంగా, నిలువుగా కట్టండి. మనుషులను ఎన్నడూ పైన ఎక్కించకండి.

చిక్కబళ్ళాపురం దాకా ఒకసారి వెళ్ళిరాగానే నట్లు మళ్ళీ బిగించండి. బండి రూపం మార్చడానికి 1988 మోటారు వాహనాల చట్టంలో హద్దులున్నాయి, కాబట్టి ఆర్.టి.ఓ. ఆఫీసులో ముందే అడగండి.

మిగిలిన సామాను ఇంకో ట్రిప్పులో తెచ్చుకోవచ్చు. సెలవు.