నడకయు, బరువెత్తుటయు

(మన సంఘపు నెలసరి సభలో చేయబడిన ఉపన్యాసము)



బరంపురమున మూడు తరములుగా బట్టల వ్యాపారము చేసికొనుచున్న కుటుంబమువారము మేము. మా చదువు మెట్రిక్ పరీక్షతో ముగిసినది. దేహపుష్టిని గూర్చి ఉపన్యసించుటకు వీరికేమి అధికారమున్నదని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. అట్లనుకొనుట న్యాయమే. అయినను గడచిన రెండేండ్లలో మా దేహము విషయమున మేము చేసిన బేరమునకు లాభనష్టముల లెక్క మాయొద్ద నున్నది. ఆ లెక్కలో ఒక పెద్ద పొరపాటు దొర్లినది. తెల్లవారుజామున నడకకు వచ్చువారిలో మన సంఘీయులు పలువురు అదే పొరపాటు చేయుచున్నట్లు కన్నులార చూచుచున్నాము. అందుచేత కార్యదర్శిగారు అడుగగనే మాటలాడుటకు సమ్మతించితిమి.

మనవి కూర్చుండి చేయు వృత్తులు. ఉదయము గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు రాత్రికి లేచును. మా తాతగారి కాలమున దుకాణపు యజమానియు కలాసీతోపాటు బేళ్ళు దించెడివాడు, సంతలకు కాలినడకన పోయెడివాడు. ఇండ్లలో స్త్రీలు నూతినుండి నీరు చేదిరి, పిండి రుబ్బిరి, వడ్లు దంచిరి. నేడు మీట నొక్కిన నీరు వచ్చును, మీట నొక్కిన పిండి మెదుగును. కష్టము తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని తాతలనాటి కష్టము పోయినను తాతలనాటి విస్తరి మాత్రము పోలేదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన సర్వే ప్రకారము దేశమునందు మధుమేహము గలవారు 10 కోట్లకు మించియున్నారు. వయోజనులలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టు క్రొవ్వు పెరిగియున్నది. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన యెడల ప్రమాదమని మన దేశపు వైద్యులు హద్దు పెట్టిరి. కొలతటేపు మన దుకాణములలోనే యుండును. దానిని మన నడుమునకు చుట్టుకొనుటకే మనస్సు రాదు.

రెండేండ్ల క్రిందట, మా 44వ యేట, మా నడుము 104 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు. ఆ సంవత్సరమే రక్తపరీక్షలో మధుమేహము బయటపడినది. నడువవలసినదనియు, తిండి తగ్గింపవలసినదనియు డాక్టరుగారు చెప్పిరి. పట్టుదలలో వ్యాపారస్థుని మించినవారు లేరు. దినమునకొక గంట నడచితిమి. రాత్రి భోజనము మానివేసితిమి. పెండ్లిండ్లకు పోయియు మజ్జిగ త్రాగి వచ్చితిమి. ఏడు నెలలలో 11 కిలోలు తగ్గితిమి. చూచినవారెల్ల మెచ్చుకొనిరి, పాత చొక్కాలు వదులయినవని దర్జీయొద్దకు పోవుటయే ఒక పండుగవలె నుండెను.

దీపావళికి పది దినములున్నదనగా సరుకు దిగినది. ఆనాడు కలాసీ రాలేదు. 25 కిలోల చీరల బేలు ఒకటి గడపకు అడ్డముగా నుండెను. ఇంతకు రెట్టింపు బరువులు మోసినవారము గదా యని దానిని ఎత్తబోయితిమి. బేలు లేచినది, మోకాళ్ళు లేవలేదు. గిరాకీదారుల ముందరనే చతికిలబడితిమి. గుమాస్తా వచ్చి చేయి పట్టి లేపెను. ఆ సిగ్గు అంతటితో పోయెడిదే గాని, అటు పిమ్మట గమనింపసాగితిమి: నేలమీది పంక్తిభోజనమునుండి లేచునప్పుడు చేయి ఆనించుచున్నాము, మేడమెట్లు ఎక్కునప్పుడు కటకటాలు పట్టుకొనుచున్నాము. 86 కిలోల నాడు లేని బలహీనత 75 కిలోల నాడు వచ్చినది.

ఈసారి మరియొక డాక్టరుగారియొద్దకు పోయితిమి. ఆయన మమ్ము చేతులు కట్టుకొని కుర్చీనుండి లేచుచు కూర్చుండుచు ఉండుమనిరి. అరనిమిషములో ఎనిమిదిమార్లకు మించి లేవలేకపోతిమి. “మీరు పోగొట్టుకొన్నది క్రొవ్వు మాత్రమే కాదు, కండకూడ” అని ఆయన చెప్పిరి. మన భాషలో చెప్పవలెనన్న, అప్పు తీర్చుటకై సరుకుతోపాటు త్రాసును, బీరువాను కూడ అమ్ముకొన్నవాని స్థితియైనది మాది. అప్పుపత్రము చినిగినది, రేపు దుకాణము తెరచుట యెట్లు?

ఇది మా యొక్కరి గ్రహచారము కాదని పిదప తెలిసికొంటిమి. తిండి తగ్గించినప్పుడు దేహము క్రొవ్వును మాత్రమే కరిగించి ఊరకుండదు. వాడుకలో లేని కండనుకూడ కరిగించును. ముప్పది దాటినది మొదలు ప్రతి పదేండ్లకు కండ కొంత కొంత తనంతట తానే తరుగుచుండును. అమెరికాలో 65 ఏండ్లు దాటిన స్థూలకాయులు 160 మందితో 26 వారములు పరీక్ష జరిపి, 2017లో ఫలితములు ప్రకటించిరి. అందు తిండి తగ్గించినవారిలో ఒక జట్టుచేత నడకవంటి వ్యాయామము, మరియొక జట్టుచేత బరువులెత్తు వ్యాయామము, వేరొక జట్టుచేత రెండును చేయించిరి. మూడు జట్లవారును తమ బరువులో నూటికి సుమారు 9 వంతులు తగ్గిరి. త్రాసుమీద మువ్వురును సమానమే. కాని నడకవంటి వ్యాయామము చేసిన జట్టువారి కండ నూటికి 5 వంతులు పోగా, బరువులెత్తినవారికి 2, రెండును చేసినవారికి 3 వంతులు మాత్రమే పోయినది. నడచుట, లేచుట, మెట్లెక్కుట వంటి పనుల సామర్థ్యము రెండును చేసిన జట్టులోనే అందరికంటె ఎక్కువగా పెరిగినది. త్రాసు చెప్పని సంగతి ఇది. నలువది యేండ్లు త్రాసునే నమ్మి బ్రతికిన ఇంటివారము. ఈ విషయమున అది మమ్ము మోసగించినది.

మధుమేహులు వినవలసినది మరియొకటి గలదు. భోజనానంతరము రక్తములో చేరు చక్కెరను తీసికొనుటలో కండరములదే పెద్ద వాటా. గోదాము చిన్నదైన సరుకు వీధిలో నిలిచినట్లు, కండ తరిగిన చక్కెర రక్తములో నిలుచును. 262 మంది మధుమేహులతో తొమ్మిది నెలలు జరిపి 2010లో ప్రకటించిన పరీక్షలో, మూడు నెలల సగటు చక్కెరను తెలుపు పరీక్ష రెండు వ్యాయామములు కలిపి చేసినవారికే చెప్పుకోదగినంత మెరుగుపడినది. ఒక్కటే చేసినవారికి, అది ఏదైనను, అంత మేలు కనబడలేదు. వారు వెచ్చించిన కాలము దాదాపు సమానమే.

ఇట్లు చెప్పితిమని నడకను మానివేయువారు ఉందురేమో! మా మేనల్లు డొకడు ఆ రకమే. జిమ్మునకు పోయి వంద కిలోలు ఎత్తును. మూడవ అంతస్తునకు మెట్లెక్కునప్పటికి కొలిమితిత్తివలె రొప్పును. గుండెకు పని చెప్పునది నడక, సైకిలు, ఈత వంటివే. 1953లో జెరీ మోరిస్ అను వైద్యుడు లండను నగరపు రెండంతస్తుల బస్సులలో పనిచేయువారిని పరిశీలించి, దినమంతయు కూర్చుండి బండి నడపు డ్రైవర్లకంటె మెట్లెక్కుచు దిగుచు టిక్కెట్లిచ్చు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నదని వెల్లడించెను. గల్లాపెట్టెయు డ్రైవరు పీటయు ఒక్కటియే యని మా తలంపు. మరియు క్రొవ్వు కరుగుటలోను నడకదే పైచేయి. 2012లో అమెరికాలో వెలువడిన ఎనిమిది నెలల పరీక్షలో బరువులు మాత్రమే ఎత్తినవారి బరువు తగ్గకపోగా కొంచెము పెరిగినది. కండ పెరిగిన కూర్చున్నచోటనే క్రొవ్వు కరిగిపోవునని జిమ్ములలో చెప్పు మాటయు అతిశయోక్తియే. ఒక కిలో కండ విశ్రాంతిలో దినమునకు ఖర్చుచేయునది సుమారు 13 కేలరీలు మాత్రమే. పొట్టకు వ్యాయామము చేసిన పొట్టమీది క్రొవ్వే కరుగుననుటయు నిజము కాదు.

తిండిని గూర్చి క్లుప్తముగా చెప్పి ముగింతుము. 70 కిలోల మనిషి అరగంట చురుకుగా నడచిన ఖర్చగునది 120 కేలరీలకు కొంచెము అటునిటు. నడక ముగించి వచ్చుచు బజారులో రెండు గారెలు తిన్నచో ఆ నడక లెక్కలోనుండి కొట్టివేయవలసినదే. బరువు తగ్గుట ముఖ్యముగా విస్తరిలోనే జరుగును. తగ్గునది కండ కాకుండ కాపాడుటకు వ్యాయామము. పప్పు, పెరుగు, సెనగలు, తినువారికి గ్రుడ్లు, చేపలు విస్తరిలో పెరిగి, అన్నము తగ్గవలెను. మూత్రపిండముల వ్యాధి గలవారు మాత్రము ఈ మార్పుకు ముందు తమ వైద్యుని అడుగవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వయోజనులకు నిర్ణయించిన కొలత ఇది: వారమునకు 150 నుండి 300 నిమిషముల మోస్తరు శ్రమగల నడకవంటి వ్యాయామము, అదియుగాక వారమునకు కనీసము రెండు దినములు దేహమునందలి పెద్ద కండరములన్నిటికి పని చెప్పు వ్యాయామము. మాటలాడగలుగుట, పాట పాడలేకపోవుట మోస్తరు నడకకు గుర్తు. మేము అయిదు దినములు నలువదేసి నిమిషములు నడచుచున్నాము. మంగళ, శుక్రవారములలో అరగంట బరువుల పని. మొదట కుర్చీనుండి చేతులానింపక లేచి కూర్చుండుట. పిమ్మట గోడకు చేతులానించి దండీలు. అలవాటైన పిదప బల్లకు, తరువాత నేలకు. బడిలో మాస్టరుగారు శిక్షగా తీయించిన గుంజీళ్ళే ఇప్పుడు మందైనవి. నేలమీది బరువును వెన్ను వంచక తొడల బలముతో ఎత్తుట, రెండు చేతుల సమానమైన బరువులు పట్టుకొని గదిలో ఈ చివరనుండి ఆ చివరకు నడచుట ఆ తరువాతివి. ఏదైనను ఎనిమిదినుండి పన్నెండు మార్లు, రెండు మూడు విడతలు. చివరి రెండు మార్లు కష్టముగా నుండవలెను. సులువైన నాడు బరువు పెంపవలెను.

ఒక హెచ్చరిక. కోడి రామమూర్తి నాయుడుగారి పేరు మన ఇండ్లలో వినని పిల్లవాడుండడు. వీరఘట్టమున జన్మించి, సర్కసుతో పేరుగాంచి, 1942లో ఈ ఒరిస్సాలోనే బలంగీరున కన్నుమూసినవారు. ఛాతీకి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంపుట ఆయన విద్య. మనకది వలదు. ఊపిరి బిగబట్టి బరువెత్తిన రక్తపుపోటు ఒక్కసారిగా ఎగయును. ఎత్తునప్పుడు ఊపిరి విడువవలెను, దించునప్పుడు పీల్చవలెను. రొమ్ములో నొప్పి, కన్నులు తిరుగుట కలిగిన వెంటనే మానవలెను. గుండెజబ్బు గలవారును, ఇన్సులిను గాని చక్కెరను దించు మాత్రలు గాని వాడువారును తమ వైద్యుని అడుగక మొదలుపెట్టరాదు. వ్యాయామముతో చక్కెర మితిమించి పడిపోవచ్చును.

మా లెక్క ముగింపవలెను. రెండును మొదలుపెట్టి పది నెలలైనది. బరువు 75 నుండి 74 కిలోలకు మాత్రమే దిగినది. నడుము మాత్రము 96 నుండి 91 సెంటీమీటర్లకు వచ్చినది. మొన్న చీరల బేలును మేమే ఎత్తితిమి. గుమాస్తా చూడనట్లు నటించెను. 71 ఏండ్ల మా తల్లిగారు స్నానపుగదిలో పీటమీదినుండి లేవలేక ఒకనాడు పడినారు. అప్పటినుండి ఆమెచేతకూడ కుర్చీ వ్యాయామము చేయించుచున్నాము. మొదట మూడుమార్లు లేచుటయే గగనముగా నుండెను. ఇప్పుడు పదిమార్లు లేచి, “ఇంకెన్నిరా?” అని అడుగుచున్నారు.

స్త్రీలు జిమ్ములకు పోవుటకు సంకోచింతురు. నెలకు అంత రుసుము ఇచ్చుకొనుటయు అందరికి సాధ్యము కాదు. అందుచేత కార్యవర్గమువారిని అడిగి మన భవనపు వెనుకగదిని తీసికొంటిమి. కరెంటు త్రాసులు వచ్చిన పిదప మన దుకాణములలో పడికట్టురాళ్ళు మూలపడియున్నవి గదా! ఇనుముకొట్టుకు వేయుటకు ప్రాణమొప్పక దాచుకొన్నవే. మా దుకాణమునుండి పది కిలోల గుండ్లు రెండు, అయిదు కిలోలవి నాలుగు, రెండు కిలోలవి ఆరు ఆ గదికి చేరినవి. మెట్రిక్ తూనికలకు పూర్వము తాతగారు వాడిన వీశెగుండ్లుకూడ మూడు దొరికినవి. ఒక్కొక్కటి సుమారు కిలోన్నర. పెద్దవయసు స్త్రీలకు అవి సరిగా సరిపోవును. చేతికి పట్టు దొరకని గుండ్లను గట్టి గుడ్డసంచిలో వేసికొని ఎత్తవచ్చును. సంచులు మేము కుట్టించితిమి. మీ మూలలలోనున్న గుండ్లనుకూడ పంపుడు.

మంగళ, శుక్రవారములలో పురుషులకు ఉదయము 5-30 నుండి, స్త్రీలకు సాయంకాలము 4 గంటలనుండి. స్త్రీల వేళలో గది తలుపులు లోపల వేసికొందురు. తాళము కావలివానియొద్ద నుండును. ఈ మంగళవారము మేమక్కడ ముందుగనే యుందుము.