తరగతి గదిలో వ్యాధి విజ్ఞానం
(ప్రసంగ పాఠం)



రోనాల్డ్ రాస్ 1895లో కలరా నివారణ పనిపై మన బెంగుళూరుకు వచ్చినాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ పొట్టలో మలేరియా జీవిని చూచినాడు. ఆయన సూక్ష్మదర్శినిపై వంగి వెదకిన ఆ జీవి రూపాలను నేడు తొమ్మిదవ తరగతి బాలిక కంప్యూటరు తెరపై చూడగలదు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం డి.పి.డి.ఎక్స్. అను పేర పరాన్నజీవుల చిత్రాలను అంతర్జాలంలో ఉచితముగా ఉంచినది. వైవాక్స్ సోకిన ఎర్ర రక్తకణం ఉబ్బి పెద్దదగును. ఫాల్సిపారం రకములో పరాన్నజీవి ఒక దశలో అరటిపండు ఆకారము దాల్చును. రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి, తేడా ఏమని అడిగి, ఉపాధ్యాయుడు ఊరకుండవలెను. పిల్లలే చెప్పుదురు.

అయితే వివరణలన్నీ ఆంగ్లములో ఉన్నవి. మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో కన్నడం. తెలుగులో విడమరచు బాధ్యత ఉపాధ్యాయునిదే. తెరపై అరచేయంత కనబడు రక్తకణం నిజానికి మిల్లీమీటరులో వెయ్యింట ఏడెనిమిది వంతులే. ఈ కొలత చెప్పని పాఠం బొమ్మల కొలువే.

రోగుల ముఖాలు గల చిత్రాల విషయములో మాత్రం నాకు పట్టుదల ఉన్నది. అవి చూపరాదు. ఆ రోగియు ఒకరి తండ్రియే. తరగతిలో ఎవరి ఇంట ఏ జబ్బున్నదో మనమెరుగము. తెర చూచి అమ్మమ్మ రోగమును తానే తేల్చి బెంగపడు బాలుని భయము తీర్చవలసినదీ మనమే.

తెరతోనే సరిపెట్టుకొనవద్దు. మన నగరములోనే నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉన్నది. అచట 1995లో డాక్టర్ ఎస్. కె. శంకర్ మానవ మెదడు నిధిని నెలకొల్పినారు. పక్షవాతము, కణితి దెబ్బతీసిన మెదళ్ళను పిల్లలు అచట కన్నులారా చూడవచ్చును. రానున్న విద్యా సంవత్సరములో తొమ్మిదవ తరగతిని తీసికొని వెళ్ళుటకు తల్లిదండ్రుల సమ్మతిని ఈ సభలోనే కోరుచున్నాను.