ఏడాదికోసారి వాడే మీట
(సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మధ్యాహ్నం భోజనాలయ్యాక, పక్క హాల్లో సినిమా తారలతో ముఖాముఖి జరుగుతుండగా, ఇంతమంది ఈ సదస్సుకి వచ్చారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఇక్కడ ఏసీ బాగుందని వచ్చినవాళ్ళు కూడా కాసేపు వినండి.

నిర్వాహకులు నన్ను సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమన్నారు. నేను కార్ల గురించి మాట్లాడతానన్నాను. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగ్, తింటున్నది సాఫ్ట్‌వేర్ కూడు. మా బ్యాచ్‌లో సగం మందిది ఇదే కథ. అయినా చివరికి సాఫ్ట్‌వేర్ దగ్గరికే వస్తాను. ఎంచేతంటే నేను చేసిన ఒక తప్పు మీ అందరి ముందూ చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మేముండేది కొలరాడోలో. మా పక్కింటాయన రిటైరైన స్కూలు మాస్టారు. ఆయనకో ఫోర్ వీల్ డ్రైవ్ బండి ఉంది. ఒకే కంపెనీది, ఒకే మోడల్, వరసగా కొన్నవాటిలో అది మూడోది. పేరు చెప్పను. ఆ కంపెనీలో పనిచేసే మనవాళ్ళు ఈ హాల్లోనే ఉండొచ్చు. కొన్నేళ్ళ క్రితం ఆ బండి కొత్త రూపంలో వచ్చిందంటే, చూసొద్దామని ఆయన నన్ను కూడా షోరూముకి తీసుకెళ్ళారు.

బండి బ్రహ్మాండంగా ఉంది. పెద్ద స్క్రీను, మెత్తటి సీట్లు, మూడో వరసలోకి పిల్లలు సులువుగా ఎక్కేట్టు ఏర్పాటు. పెద్దాయన డ్రైవరు సీట్లో కూర్చున్నారు. ఆయన కుడిచెయ్యి గేరు పక్కన దేనికోసమో తడుముకుంది.

"ఇక్కడుండే మీట ఏదీ?"

"దాని అవసరం ఇప్పుడు లేదండీ. అంతా కంప్యూటరే చూసుకుంటుంది," అన్నాడు సేల్స్ కుర్రాడు, అదేదో శుభవార్త అయినట్టు.

ఆయన థాంక్స్ చెప్పి దిగిపోయారు. దారిలో అడిగాను, ఆ మీట ఎన్నిసార్లు వాడి ఉంటారని. కాసేపు ఆలోచించి, "ఏడాదికి ఒకసారి. చలికాలం ముందు చెరువులోంచి పడవని పైకి లాగడానికి. కొన్నేళ్ళు అదీ లేదు," అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఏడాదికోసారి వాడే దానికోసం ఇంత మంచి బండిని వద్దనుకోవడమేమిటి? మరో నెలకి ఆ బండిని మేం కొన్నాం. మా ఆవిడకి అది ఇప్పటికీ ఇష్టమే.

ఆ మీట ఏమిటో తెలియనివాళ్ళకోసం చెబుతాను. మా ఊళ్ళో దమ్ము చేసే ట్రాక్టరుని చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ట్రాక్టరుకి మామూలు గేర్లు కాక, హై అనీ లో అనీ ఇంకో మీట ఉంటుంది. లో లో పెడితే ఇంజను గట్టిగానే తిరుగుతుంది, చక్రం మాత్రం నింపాదిగా, బోలెడంత బలంతో తిరుగుతుంది. మోకాలి లోతు బురదలోంచి కూడా నత్తలా పాకి బయటికొస్తుంది. పాతకాలం ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో ఉండే లో రేంజి కూడా అదే.

పాత బండికీ కొత్త బండికీ ఇంకో తేడా ఉంది. విజయవాడ ఆటోనగర్ వైపు వెళ్ళినవాళ్ళు బాడీ కట్టని లారీలని చూసే ఉంటారు. ఒట్టి చాసిస్, ఇంజను, దానిమీద తలకి తువ్వాలు చుట్టుకుని ఎండలో నడిపే డ్రైవరు. బాడీ తర్వాత ఆటోనగర్లో కడతారు. పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు చాలావరకు ఆ పద్ధతివే: కింద ఇనుప చట్రం, పైన పెట్టె. మామూలు కారుకి చట్రం విడిగా ఉండదు, ఒళ్ళే చట్రం. బరువు తగ్గుతుంది, పెట్రోలు తక్కువ తాగుతుంది, గతుకుల్లో నడుం పట్టెయ్యదు. కాకపోతే బరువైన ట్రైలరు లాగడంలో, రాళ్ళమీద మెలికలు తట్టుకోవడంలో చట్రానికున్న పేరు దానికి లేదు.

కంపెనీలు ఈ మార్పు తెలివితక్కువగా చేశాయని నేననను. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ సంగతే తీసుకోండి. 1991 మోడల్‌గా వచ్చిన ఆ బండి, అమెరికాలో కుటుంబమంటే స్టేషన్ వ్యాగన్ అనే రోజుల్ని ముగించిన వాటిలో ఒకటి. 2000 సంవత్సరంలో 4 లక్షల 45 వేలు అమ్ముడుపోయాయి. అదే ఏడాది ఫైర్‌స్టోన్ టైర్ల గొడవ వచ్చింది. 2008 వేసవిలో గ్యాసు గ్యాలను 4 డాలర్లు దాటింది. 2009కి వచ్చేసరికి అమ్ముడుపోయినవి 52 వేలు. అలాంటి స్థితిలో 2011 మోడల్‌కి చట్రం తీసేసి, టారస్ కారు పునాదిమీద కట్టారు. లో రేంజి మీట పోయి గుండ్రటి నాబ్ వచ్చింది. మంచు, ఇసుక, బురద అని బొమ్మలు చూసుకుని తిప్పుకోవడమే. పాత అభిమానులు ఇది ఎక్స్‌ప్లోరరే కాదన్నారు. ఆ ఏడాది అమ్మకాలు మాత్రం లక్షా ముప్పై వేలు దాటాయి.

నిస్సాన్ పాత్‌ఫైండర్ కథ ఇంకా చిత్రం. ఆ బండి 1996లో చట్రం వదిలేసింది, 2005లో మళ్ళీ చట్రం ఎక్కింది, 2013లో మళ్ళీ దిగింది. కాపురానికొచ్చి, అలిగి పుట్టింటికెళ్ళి, మళ్ళీ వచ్చిన కోడలిలాగ. 2013 మోడల్‌లో లో రేంజి తీసేశారు. వి6 బండి లాగగలిగే బరువు 6,000 పౌండ్లనుంచి 5,000కి తగ్గింది. గేర్ల బదులు సి.వి.టి. పెట్టారు. రైసు మిల్లులో రెండు పుల్లీల మధ్య బెల్టు తిరుగుతుంది చూశారూ, అలాంటిదే, కాకపోతే ఇక్కడ పుల్లీల వ్యాసం మారుతూ ఉంటుంది. నున్నగా పోతుంది, గ్యాసు ఆదా అవుతుంది. అయితే 2013, 2014 మోడళ్ళలో అది వణుకుతోందని కొన్నవాళ్ళు కోర్టుకెళ్ళారు, కంపెనీ వారంటీ పొడిగించాల్సి వచ్చింది. అయినా 2013లో అమ్మకాలు అంతకుముందు ఏడాదికి దాదాపు రెట్టింపు! తర్వాత 2022 మోడల్‌లో సి.వి.టి. తీసేసి తొమ్మిది గేర్ల పెట్టె పెట్టారు, కొన్ని రకాలకి 6,000 పౌండ్లు లాగే శక్తి తిరిగొచ్చింది.

ఇప్పుడు చెప్పండి, ఎవరు తప్పు? పాత కొనుగోలుదారు అలిగి వెళ్ళాడు, అతని చోటికి ఇద్దరు కొత్తవాళ్ళొచ్చారు. లెక్కలు చూసేవాడికి ఇది లాభమే. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

ఇదంతా ఇనుప చట్రంమీద మోజే అని కొట్టిపారేసేవాళ్ళకి జీప్ చెరోకీని గుర్తుచేస్తాను. 1984 మోడల్‌గా వచ్చి 2001దాకా సాగిన ఆ పాత చెరోకీని దేవుడిలా కొలిచేవాళ్ళు ఈ దేశంలో ఇప్పటికీ ఉన్నారు. దానికి విడి చట్రం లేనే లేదు! ఒళ్ళే చట్రం. అయినా ఎవరూ కాదనలేదు, ఎందుకంటే ఎక్కడికి తీసుకెళ్ళమంటే అక్కడికి తీసుకెళ్ళింది. 2013లో అదే పేరుతో కొత్త చెరోకీని చూపించినప్పుడు జనం ముందు మొహాన్ని చూసి ఉలిక్కిపడ్డారు. సన్నటి లైట్లు పైన కనుబొమల్లాగ, అసలు దీపాలు కిందెక్కడో. దాంట్లో ట్రెయిల్‌హాక్ అనే రకానికి లో రేంజి ఉంది, వెనక డిఫరెన్షియల్‌కి లాకు ఉంది, కొండలెక్కే సత్తా ఉంది. మొహం చూసి వెనుదిరిగినవాడికి అవెందుకు కనిపిస్తాయి? ఇదీ బాగానే అమ్ముడుపోయింది, 2014లో లక్షా డెబ్భై ఎనిమిది వేలు. అయినా 2019 మోడల్‌కి ఆ మొహం మార్చి మామూలు దీపాలు పెట్టారు. 2023లో ఆ తరం బండ్ల తయారీ ఆగిపోయింది.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. 1998లో వచ్చిన టాటా సఫారీ అంటే మన జిల్లాల్లో ఓ హోదా. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ కూడా దొరికేది. 2019లో ఆగిపోయి 2021లో అదే పేరు మళ్ళీ వచ్చింది. బండి నున్నగా, హాయిగా ఉంది, ఫోర్ వీల్ డ్రైవ్ మాత్రం లేదు. పాత సఫారీలు తీసినవాళ్ళలో ఎంతమంది ఎన్నిసార్లు ఆ ఫోర్ వీల్ డ్రైవ్ వేశారంటారు? నన్నడిగితే వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అయినా వెలితి వెలితే.

పెళ్ళిభోజనంలో ఎవరు ఏది ఎంత తిన్నారో తూకం వెయ్యండి. అన్నం మొదటుంటుంది, ఆవకాయ అట్టడుగునుంటుంది. తక్కువ తింటున్నారు కదా అని వచ్చే పెళ్ళికి ఆవకాయ తీసేస్తే ఏమవుతుందో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఇంత చిన్న సంగతి మనందరికీ తెలుసు. ఆఫీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోగానే మర్చిపోతాం.

నేను మర్చిపోయాను. అది చెప్పడానికే వచ్చాను.

అప్పట్లో నేను పనిచేసిన కంపెనీ గోదాములకి సరుకు లెక్కల సాఫ్ట్‌వేర్ అమ్మేది. పాతకాలపు తెరలు, నల్లటి బ్యాక్‌గ్రౌండు, అన్నీ ఫంక్షన్ కీలమీదే. దాన్ని ఆధునికంగా తిరగరాసే పని నాకిచ్చారు. ఏయే తెర ఎన్నిసార్లు వాడుతున్నారో ఆరు నెలలు లెక్క తీశాం, ఏప్రిల్ నుంచి సెప్టెంబరుదాకా. ఎవరూ తెరవని తెర ఒకటి కనబడింది. పాతది, కోడు అధ్వాన్నం. తీసేద్దామని నేనే రాశాను, నేనే సంతకం పెట్టాను. డెమోలో అందరూ చప్పట్లు కొట్టారు.

డిసెంబరు 31 రాత్రి ఎనిమిదింటికి ఫోనొచ్చింది. మేం ఎవరో స్నేహితులింట్లో ఉన్నాం, పిల్లలు కేకు కొయ్యడానికి హడావిడి పడుతున్నారు. అవతల ఓ గోదాములో ఇరవయ్యేళ్ళుగా లెక్కలు చూస్తున్న ఆవిడ. నేను తీసేసిన తెర ఏడాది చివర మొత్తం సరుకు లెక్కపెట్టినప్పుడు, కాగితంమీది అంకెల్ని మౌసు ముట్టకుండా వరసపెట్టి కొట్టుకుపోయేది. ఏడాదికి ఒక్క రాత్రి వాడతారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరుదాకా చూస్తే ఎక్కడ కనబడుతుంది?

కొత్త తెరలో ఒక్కో వస్తువుకీ నాలుగు క్లిక్కులు. ఆవిడ చేతిలో వేలకొద్దీ వస్తువుల జాబితా ఉంది. ఆవిడ అరవలేదు. "తీసేసేముందు నన్ను ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేదాన్ని కదండీ," అన్నారు, అంతే. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి ఆవిడా, ఇంకో ఇద్దరూ తెల్లవారుఝాము నాలుగింటిదాకా కూర్చున్నారని తర్వాత తెలిసింది.

నెలరోజుల్లో ఆ తెర వెనక్కి తెచ్చాం. కానీ ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో ఆ కంపెనీలో సలహా ఇచ్చేది ఆవిడేనని మాకు తెలియదు. సొంత ఖర్చులేకుండా మా సరుకుని పదిమందికి మెచ్చుకుంటూ వచ్చిందీ ఆవిడే. ఆ ఏడాది వాళ్ళు కాంట్రాక్టు పొడిగించలేదు. వాళ్ళని చూసి ఇంకో ఇద్దరు కస్టమర్లు వెళ్ళిపోయారు. జూన్‌లో మా టీములో ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. అందులో ఒక కుర్రాడు హెచ్-1 మీదున్నాడు, మన తెలుగు అబ్బాయే, అప్పటికి పెళ్ళై మూడు నెలలు. సంతకం నాది, పోయిన ఉద్యోగం వాడిది. అతను ఈ సభలకి వచ్చాడో లేదో తెలియదు. వచ్చి ఉంటే, ఈ సంగతి నీకు అప్పుడు చెప్పలేదు తమ్ముడూ. ఇప్పుడు చెబుతున్నాను.

ఆ వేసవిలో ఓ సాయంత్రం మా పక్కింటి పెద్దాయన దగ్గరికెళ్ళి కూర్చున్నాను. షోరూములో మిమ్మల్ని చూసి నవ్వుకున్నానని చెప్పాను. ఆయన ఏమీ అనుకోలేదు. ఆ మీట గురించి మళ్ళీ అడిగితే ఈసారి కొంచెం వివరంగా చెప్పారు. పడవ లాగేది ఏడాదికోసారే గానీ, చెరువు దగ్గరికి మనవల్ని తీసుకెళ్ళేది వేసవంతా. తడి ర్యాంపుమీద బండి వెనక్కి జారదన్న ధైర్యం ఉంటేనే వాళ్ళని ఎక్కించుకుంటారట. మీట కదిపింది ఒక్కసారి, దాని పని మాత్రం వేసవి మొత్తం. ఏ లాగ్ ఫైలులో చూస్తే ఇది తెలుస్తుందండీ?

ఆయన పాత బండి ఇంకా నడుస్తోంది, రెండు లక్షల మైళ్ళు దాటింది. మొన్న శీతాకాలం మా కొత్త బండి వాకిట్లోని మంచులో దిగబడితే తాడు కట్టి లాగింది అదే. ఆయన మీట వేస్తూ నావైపు చూసి కన్నుగీటారు.

ఇప్పుడు నేను వేరే కంపెనీలో ఉన్నాను. ఏ తెరనైనా తీసేసేముందు పన్నెండు నెలల వాడకం చూడాలని, ఆఖరిసారి వాడినవాళ్ళకి ఫోను చెయ్యాలని పట్టుబడతాను. కాలహరణమని మా మేనేజరు విసుక్కుంటాడు. అతని బాధ అతనిది. పాతవన్నీ మోసుకుంటూ పోతే కొత్తది కట్టలేం, అదీ నిజమే. పోయినేడు ఇలాగే ఒక తెర తేలింది. ఏడాది మొత్తంమీద వాడింది నలుగురు. ముగ్గురికి ఫోను చేస్తే పోతే పోనీమన్నారు. నాలుగో ఆయన సెలవులో ఉన్నారు, వచ్చే వారం వస్తారట. ఆ తెర ఇంకా అక్కడే ఉంది.